గుర్రం బొమ్మ ఉంటే గుర్రపుదళమేనా? మీ తాతగారి టోపీ బ్యాడ్జి సంగతి

ముందు ప్రశ్నని రెండు ముక్కల్లో చెప్పుకుందాం, అందరూ మొత్తం చదవరు కదా. తాతగారి ట్రంకు పెట్టెలో ఒక ఇత్తడి టోపీ బ్యాడ్జి దొరికింది, దాని మీద భూగోళం, దాని పైన ముందుకాళ్ళు లేపి నిలబడ్డ గుర్రం, గుర్రానికి గొలుసు, వెనక మెరుపు, పైన సింహాలు, కింద రిబ్బన్ మీద అక్షరాలు అరిగిపోయి కనపడట్లేదు. దాంతోపాటు అడవిదున్న బొమ్మ ఉన్న గుడ్డ ముక్క ఒకటి, ఏదో గుండ్రటి వెండిరంగు గుడి ముందు దిగిన ఫోటో ఒకటి, 1965లో రాసిన ఉత్తరంలో "ఇప్పుడు క్యావల్రీతో ఉన్నాను" అన్న లైను ఒకటి. ఇంట్లో అందరూ తాతయ్య గుర్రపుదళంలో చేశారనే ఇన్నేళ్ళూ చెప్పుకుంటున్నారు, అది నిజమేనా అని అడిగారు.

కాదండి. ఆ బ్యాడ్జి ఈఎంఈది. అంటే కోర్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్. ఆర్మీలో ట్యాంకు దగ్గర్నుంచి రైఫిల్ దాకా, రాడార్ దగ్గర్నుంచి లారీ దాకా ఏది పాడైనా బాగుచేసేవాళ్ళు. మీ తాతగారు గుర్రం ఎక్కి ఉండరు, ఇంజన్ కింద దూరి ఉంటారు. కానీ ఉత్తరంలో క్యావల్రీ అని రాసింది కూడా అబద్ధం కాదు, ఆ రెండూ ఎలా కుదురుతాయో కింద చెప్తా.

నేను ఈఎంఈలోనే వెహికల్ మెకానిక్‌గా చేరి హవల్దార్‌గా రిటైర్ అయ్యా. ఈ గుర్రం గోల నాకు కొత్తేం కాదు. పెళ్ళైన కొత్తలో మా మావగారి ఊర్లో ఒక పెద్దాయన నా టోపీ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, ఏం నాయనా మిలిటరీలో గుర్రాలకి మేత వేసే ఉద్యోగమా అన్నాడు, పక్కనున్న నలుగురూ నవ్వారు, కాదు తాతా లారీలు రిపేరు చేస్తా అంటే ఇంకా ఎక్కువ నవ్వారు. అప్పట్నుంచి ఎవరైనా అడిగితే "హార్స్ పవర్" అని చెప్పడం అలవాటు చేసుకున్నా. జోక్‌లా ఉంటుంది గానీ అసలు అర్థం కూడా దాదాపు అదే.

గుర్రం అంటే శక్తి. దానికి గొలుసు వేసి ఉంది చూడండి, అంటే అదుపులో ఉన్న శక్తి. గొలుసు లేని గుర్రం ఉత్త బలమే, గొలుసున్న గుర్రం పనికొచ్చే బలం, ఇంజన్ అంటే అదేగా. వెనక మెరుపు కరెంటు పనికి గుర్తు. కింద భూగోళం అంటే ఎక్కడికి పంపితే అక్కడ పని చేస్తాం అని. ట్రైనింగ్‌లో ఉస్తాద్ ఇవన్నీ మాచేత బట్టీ పట్టించాడు, అర్థం మాత్రం చాలా ఏళ్ళ తర్వాత ఒక రాత్రి బురదలో కూరుకుపోయిన బండిని వించ్‌తో లాగుతుంటే ఎక్కింది. అన్ని టన్నుల బరువు లాగే తాడు తెగితే ఎదురుగా ఉన్న మనిషిని రెండు ముక్కలు చేస్తుంది, అందుకే అక్కడ బలం కంటే అదుపే ముఖ్యం.

ఇంకో తమాషా ఏంటంటే అసలు క్యావల్రీ వాళ్ళ బ్యాడ్జీలు చూస్తే చాలావాటి మీద గుర్రం ఉండదు, అడ్డంగా పెట్టిన ఈటెలు ఉంటాయి, మధ్యలో రెజిమెంట్ నంబర్. గుర్రాల వాళ్ళ టోపీ మీద ఈటెలు, మెకానిక్‌ల టోపీ మీద గుర్రం. బయటివాళ్ళు పొరబడటంలో తప్పేం లేదు.

సరే, ఈ గుర్రం ఎక్కణ్ణుంచి వచ్చింది అంటే బ్రిటిష్ వాళ్ళ దగ్గర్నుంచి. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆర్మీలో రిపేరు పని ఒక చోట లేదు. ఆర్డినెన్స్ వాళ్ళ దగ్గర, అంటే ఆయుధాలూ సామానూ చూసేవాళ్ళ దగ్గర కొంత, సర్వీస్ కోర్ దగ్గర కొంత, ఇంజనీర్ల దగ్గర కొంత, ఇలా ముక్కలు ముక్కలుగా ఉండేది. ఒకడి దగ్గర పనోళ్ళు ఖాళీగా కూర్చుంటే ఇంకోడి దగ్గర బండ్లు క్యూలో ఉండేవి. నైపుణ్యం ఉన్న మనుషుల్ని సైన్యం సరిగ్గా వాడుకుంటోందా లేదా చూడమని సర్ విలియమ్ బెవరిడ్జ్ ఆధ్వర్యంలో కమిటీ వేశారు, ఆ కమిటీ రిపేరు పనంతా ఒకే కోర్ కిందికి తెమ్మంది. అలా 1942 అక్టోబర్ 1న బ్రిటన్‌లో రీమీ పుట్టింది, రాయల్ ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్. ఆ నెలలోనే ఎడారిలో ఎల్ అలమీన్ యుద్ధం మొదలైంది, ఇసకలో ఆగిపోయిన ట్యాంకుల్ని లాక్కొచ్చి మళ్ళీ నడిపించడం ఎంత అవసరమో అక్కడ అందరికీ తెలిసొచ్చింది.

మన దగ్గర అదే పద్ధతిలో 1943లో ఐఈఎంఈ, అంటే ఇండియన్ ఈఎంఈ మొదలైంది. ఇండియన్ ఆర్మీ ఆర్డినెన్స్ కోర్‌లో రిపేరు పని చేసే ఆఫీసర్లని, జవాన్లని ఇటు మార్చారు. అక్టోబర్ 15న ఈఎంఈ కోర్ డే చేసుకునేది 1943 అక్టోబర్ 15 లెక్కనే. 1950లో రిపబ్లిక్ అయ్యాక పేరులోంచి ఇండియన్ పోయి ఉత్త ఈఎంఈ అయింది. అప్పుడు మొదటి ఈ అంటే ఎలక్ట్రికల్. 2001లో దాన్ని ఎలక్ట్రానిక్స్ అని మార్చారు, పొట్టి పేరు మాత్రం అదే ఉండిపోయింది. మీ తాతగారి కాగితాల్లో "ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్" అని ఉంటే వేరే కోర్ అనుకుని కంగారు పడకండి, ఒకటే.

ఆర్డినెన్స్ నుంచి విడిపోయామన్నా కదా, ఇది అన్నదమ్ముల భాగాల పంపకం లాంటిది. రిపేరు మాకు, సామాను వాళ్ళకి. స్పేర్ పార్టులు, ఆయుధాలు, బట్టలు అన్నీ స్టోర్‌లో ఉంచి ఇచ్చేది ఏఓసీ, అదే ఆర్మీ ఆర్డినెన్స్ కోర్. బండి ఎందుకు ఆగిపోయింది అని కమాండింగ్ ఆఫీసర్ అడిగితే స్పేర్ రాలేదు సార్ అని మేము, ఇండెంట్, అంటే సామాను కావాలని పెట్టే చీటీ, సరిగ్గా రాయలేదు సార్ అని వాళ్ళు, నేను చేరిన రోజు నుంచి వచ్చేసిన రోజు దాకా ఇదే. సికింద్రాబాద్ వాళ్ళకి ఏఓసీ అంటే గేట్లు, ఎప్పుడు మూస్తారో ఎప్పుడు తెరుస్తారో అని గుర్తుంటుంది గానీ ఆ కోర్ చరిత్ర మాకంటే చాలా పాతది, 1775 ఏప్రిల్ 8న కలకత్తా ఫోర్ట్ విలియమ్‌లో పెట్టిన బోర్డ్ ఆఫ్ ఆర్డినెన్స్ నుంచి లెక్కేసుకుంటారు. వాళ్ళ బ్యాడ్జి మీద డాలులో మూడు ఫిరంగులు, మూడు గుండ్లు. ఆ గుండ్లు ఫిరంగి మూతి కంటే పెద్దవి, లోపలికి ఎలా పోతాయి అన్నది బ్రిటిష్ కాలం నాటి జోకు, మేము కూడా ఆ జోకు వదల్లేదు. వాళ్ళేమో మీ గుర్రానికి లగాము కూడా లేదంటారు.

ఇప్పుడు బ్యాడ్జి ఏ కాలందో ఎలా చెప్పాలి అన్నది. ఇది పాత సామాన్లు కొనేవాళ్ళకి కూడా పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

రీమీ పుట్టినప్పుడు గుర్రం లేదు. మొదటి బ్యాడ్జి మీద ఆకుల దండ, దాని మీద నాలుగు చిన్న డాళ్ళు, ఒక్కో డాలులో ఒక్కో అక్షరం, పైన కిరీటం, మధ్యలో క్యాలిపర్స్, అదే లేత్ పనిలో సైజు కొలిచే పరికరం. మెకానిక్‌లకి అంతకంటే సరైన గుర్తు ఉండదని నా అభిప్రాయం, కానీ చూపుకి బాలేదనుకున్నారేమో, 1947లో స్టీఫెన్ గూడెన్ అనే చిత్రకారుడు గీసిన గుర్రం బొమ్మ వచ్చింది. మన ఈఎంఈ గుర్రం ఆ వంశమే. అంటే ఈ గుర్రం ఉన్న బ్యాడ్జి ఏదైనా 1947 ముందుది కాదు. మా వీధిలో ఒకాయన పాత నాణేలూ బ్యాడ్జీలూ పోగుచేస్తాడు, ఆన్‌లైన్‌లో "రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్యాడ్జి" అని బోలెడంత డబ్బు పెట్టి గుర్రం బ్యాడ్జి ఒకటి కొన్నాడు. నాకు చూపిస్తే ఏం చెప్పాలో తెలీలేదు. యుద్ధం అయిపోయింది 1945లో, గుర్రం పుట్టింది 1947లో. చివరికి చెప్పా, రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

తర్వాత పైన ఏముందో చూడండి. కిరీటం ఉంటే బ్రిటిష్ రీమీది. అశోక స్తంభం సింహాలు ఉంటే మనది, 1950 జనవరి 26 తర్వాతది. మీ దాని మీద సింహాలు ఉన్నాయన్నారు, కాబట్టి అక్కడ అనుమానం లేదు. వెనకవైపు తిప్పి చూడండి, టోపీకి తగిలించడానికి బద్దీగానీ రెండు రింగులుగానీ ఉంటాయి. డై కొట్టి చేసిన దానికి ముందు ఎత్తుగా ఉన్నచోట వెనక గుంటగా ఉంటుంది. వెనకంతా చదునుగా, గరుకుగా, బుడిపెలతో ఉంటే పోత పోసిన నకలు అని ఎక్కువ అనుమానించాలి. ఇది నూటికి నూరు పాళ్ళు రూల్ కాదు, కంటోన్మెంట్ బజార్లలో టోపీలు కుట్టే షాపుల్లో కూడా బ్యాడ్జీలు అమ్ముతారు, బ్యాడ్జి పోతే జవాన్లే అక్కడ కొనుక్కుంటారు, నేనూ ఒకటి కొన్నా. కాబట్టి నకలులా కనిపించినా మీ తాతగారు పెట్టుకున్నది కాదు అనుకోవక్కర్లేదు.

ఇక ఉత్తరం సంగతి. ఈఎంఈ వాళ్ళు ఈఎంఈలోనే ఉండరు, ఇది బయట చాలామందికి తెలీదు. ప్రతి ట్యాంకు రెజిమెంట్‌కీ ఒక ఎల్ఏడీ ఉంటుంది, లైట్ ఎయిడ్ డిటాచ్‌మెంట్, జవాన్లు "లాడ్" అంటారు. చిన్న రిపేరు బృందం. వాళ్ళు ఆ రెజిమెంట్‌తోనే తింటారు, దాంతోనే కదుల్తారు, యుద్ధానికి దాంతోనే వెళ్తారు, కానీ కోర్ మాత్రం ఈఎంఈ. లాడ్‌లో కాని పని వర్క్‌షాప్‌కి వెళ్తుంది, అక్కడా కాకపోతే బేస్ వర్క్‌షాప్‌కి, ఢిల్లీలో 505 నంబర్ వర్క్‌షాప్ ట్యాంకులకి, ఆగ్రాలో 509 నంబర్‌ది ఎలక్ట్రానిక్స్‌కి అలా. మీ తాతగారు క్యావల్రీతో ఉన్నా అని రాశారంటే ఏదో క్యావల్రీ రెజిమెంట్ లాడ్‌లో ఉన్నారనే నేను అనుకుంటున్నా. "లో" అని రాయలేదు చూడండి, "తో" అని రాశారు. ఇంట్లో వాళ్ళకి లాడ్ గీడ్ ఏం అర్థమవుతుంది, క్యావల్రీ ఒక్కటే గుర్తుండిపోయింది. పైగా పేరుకే క్యావల్రీ, 1965 నాటికి దాదాపు వాటన్నిటి దగ్గరా ఉన్నవి ట్యాంకులే.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధంలో, పంజాబ్ సరిహద్దులో ఖేమ్‌కరణ్ పక్కన అసల్ ఉత్తర్ దగ్గర 3 క్యావల్రీ సెంచూరియన్లతో, డెక్కన్ హార్స్ షెర్మన్లతో, 8 క్యావల్రీ ఏఎంఎక్స్ ట్యాంకులతో పాకిస్తాన్ పాటన్ ట్యాంకులని ఆపాయి. డెక్కన్ హార్స్ మూలాలు మన హైదరాబాద్ కాంటింజెంట్‌లో ఉన్నాయి, అది వేరే కథ. పొలాల్లోకి నీళ్ళు వదిలితే పాటన్లు చెరుకు తోటల్లో దిగబడ్డాయి అని పుస్తకాల్లో ఒక్క లైనులో రాసేస్తారు. దిగబడ్డ నలభై పైచిలుకు టన్నుల ఇనుముని మళ్ళీ బయటికి లాగడం అంటే ఏంటో రికవరీ మెకానిక్‌ని అడగండి. మీ తాతగారు ఆ చుట్టుపక్కలే ఉన్నారని నేను అనట్లేదు, ఉత్తరం మీద ఫీల్డ్ పోస్టాఫీసు నంబర్ ముద్ర ఉంటే దాన్ని బట్టి ఆచూకీ తీయొచ్చు.

ఇలాంటి పని గురించి మాకు ఎప్పుడూ చెప్పే కథ ఇంకోటుంది, పాకిస్తాన్‌తో మొదటి కశ్మీర్ యుద్ధంలో జోజిలా కనుమది. 1948 నవంబర్ 1న పదకొండు వేల అడుగుల పైన కనుమలోకి 7 క్యావల్రీ స్టువర్ట్ ట్యాంకులు ఎక్కాయి, అంత ఎత్తుకి ట్యాంకు వస్తుందని అవతలివాడు కల్లో కూడా అనుకోలేదు. దారి వేసింది మద్రాస్ శాపర్స్, అంటే ఆర్మీ ఇంజనీర్లు, అందులో మనవాళ్ళూ ఎక్కువే ఉంటారు. ట్యాంకుల మీది టరెట్‌లు, అంటే ఫిరంగి ఉండే తిరిగే పైభాగాలు, ఊడదీసి, ట్యాంకని తెలీకుండా కప్పి తీసుకెళ్ళి, పైన మళ్ళీ బిగించారు. టరెట్ ఊడదీయడం వర్క్‌షాప్‌లో క్రేన్ పెట్టుకుని చేస్తేనే చెమట్లు పడతాయి, చలిలో చేతి వేళ్ళు స్పానర్‌కి అతుక్కుపోయే చోట చేశారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నేను జమ్మూ వైపు ఉన్నప్పుడు మంచులో ఒక శక్తిమాన్ బండి ఇంజన్ స్టార్ట్ చేయడానికే తెల్లవారింది.

అడవిదున్న గుడ్డ ముక్క గురించి. ఇది కోర్ గుర్తు కాదు, ఫార్మేషన్ గుర్తు, అంటే డివిజన్ లాంటి పెద్ద దళం గుర్తు, భుజం మీద వేసుకుంటారు. టోపీ మీది బ్యాడ్జి మీరెవరో చెప్తుంది, భుజం మీది గుర్తు మీరెక్కడ పని చేస్తున్నారో చెప్తుంది. టోపీది సర్వీసంతా మారదు, భుజంది పోస్టింగ్ మారితే మారిపోతుంది. అడవిదున్న అంటే సికింద్రాబాద్‌లో ఉండే 54 ఇన్‌ఫాంట్రీ డివిజన్, బైసన్ డివిజన్ అంటారు. 1987 జులై చివర్లో భారత్, శ్రీలంక ఒప్పందం అయ్యాక శ్రీలంకకి ముందు వెళ్ళింది ఈ డివిజనే. అందుకని తాతయ్య జాఫ్నా వెళ్ళారని అప్పుడే వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి. ఆ గుర్తు వేసుకున్న వాళ్ళందరూ వెళ్ళలేదు, అసలు ఆయన అక్కడ చేసిన ఏళ్ళు వేరే కావచ్చు. పెట్టెలో విదేశ్ సేవా మెడల్ ఏమైనా ఉందేమో చూడండి. ఏ మెడల్ దొరికినా దాని అంచు భూతద్దంతో చూడండి, నంబరూ ర్యాంకూ పేరూ సాధారణంగా అక్కడే చెక్కి ఉంటాయి. బ్యాడ్జికి పేరుండదు, మెడల్‌కి ఉంటుంది.

ఫోటోలో గుడి చూడగానే చెప్పేశా, అది వడోదరలో ఈఎంఈ గుడి, దక్షిణామూర్తి ఆలయం. 1966లో కట్టారు, అల్యూమినియం రేకులతో చేసిన గుండ్రటి కప్పు, అందుకే వెండిలా మెరుస్తుంది. కట్టించింది బ్రిగేడియర్ ఎ.ఎఫ్. యూజీన్, ఆయన క్రిస్టియన్. గుమ్మటం ఇస్లాంకి, పైన కలశం హిందువులకి, గోపురం క్రైస్తవులకి, ఇలా ఒక్కో భాగం ఒక్కో మతానికి గుర్తుగా పెట్టారు. వడోదరలో ఈఎంఈ స్కూల్ ఉంది, కోర్సులకి పంపుతారు, కోర్సుకి వెళ్ళిన ప్రతివాడూ ఆ గుడి ముందు ఒక ఫోటో దిగుతాడు, నా దగ్గరా ఉంది. బ్యాడ్జి మీద అనుమానం ఏమైనా మిగిలి ఉంటే ఈ ఫోటోతో తీరిపోయినట్టే.

పక్కాగా తెలుసుకోవాలంటే డిశ్చార్జ్ బుక్ వెతకండి, దొరక్కపోతే పెన్షన్ కాగితాలు, పీపీఓ, అదే పెన్షన్ పేమెంట్ ఆర్డర్. వాటి మీద ఆర్మీ నంబర్ ఉంటుంది. నంబర్, ర్యాంక్, పేరు రాసి సికింద్రాబాద్‌లో ఈఎంఈ రికార్డ్స్‌కి ఉత్తరం పెట్టండి, నానమ్మగారు ఉంటే ఆవిడ పేరుతో పెట్టడం మంచిది, మనవడు అడిగితే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగినా ఎలా రాయాలో చెప్తారు. ర్యాంక్ దగ్గర "సీఎఫ్ఎన్" అని ఉంటే అది క్రాఫ్ట్స్‌మన్, వేరేచోట సిపాయి అనేదాన్ని మా దగ్గర అలా అంటారు. పనివాడు అన్నమాట. మా కోర్ నినాదం కూడా "కర్మ్ హీ ధర్మ్", పనే ధర్మం అని.

బ్యాడ్జి ఇంట్లో దాచుకోవచ్చా అని చివర్లో అడిగారు. దాచుకోండి, ఫ్రేమ్ కట్టించుకోండి, ఏం ఇబ్బంది లేదు. పెట్టుకుని సైనికుణ్ణని నమ్మించడానికి తిరిగితేనే నేరం.

ఒకటి మాత్రం చేయకండి, చింతపండుతోనూ బ్రాస్సోతోనూ రుద్ది కొత్తదానిలా మెరిపించకండి. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఆ రిబ్బన్ మీద అక్షరాలు ఎందుకు అరిగిపోయాయి అనుకుంటున్నారు? పొద్దున్నే పరేడ్ ముందు ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, బ్యాడ్జి మెరవకపోతే ఎక్స్‌ట్రా డ్యూటీ పడుతుంది, అందుకని రాత్రి పడుకునే ముందు బ్రాస్సో పెట్టి పాత బనీను గుడ్డతో రుద్దుతాం. ఇరవై ఏళ్ళు రుద్దితే నాది కూడా అలాగే అయింది, ముందు అక్షరాలు పోయాయి, తర్వాత గొలుసు, గుర్రం ముక్కు ఇప్పుడు చదును.